చెన్నై ఎండల్లో హోమ్ థియేటర్ పీసీ: చప్పుడు తగ్గించి చల్లగా ఉంచుకోవడం ఎలా

హోమ్ థియేటర్ పీసీ అంటే సినిమాలు చూడ్డానికి టీవీకి తగిలించిన కంప్యూటర్. చప్పుడు చెయ్యని సైలెంట్ పీసీ గురించి నెట్‌లో ఏ వీడియో చూసినా చెప్పేది ఒకటే, ఫలానా ఫ్యాన్ కొనండి, ఫలానా కూలర్ కొనండి అని, కానీ ఆ చెప్పేవాళ్ళ గదిలో ఉండేది 21, 22 డిగ్రీలు. మన హాల్లో మే నెల సాయంత్రం కూడా 34, 35 ఉంటుంది, ఏసీ ఏమో బెడ్రూమ్‌లో ఉంటుంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, మరి టీవీ యూనిట్‌లో తలుపు మూసి పెట్టిన పీసీ సంగతి అడగక్కర్లేదు. ఎంత ఖరీదైన ఎయిర్ కూలర్ పెట్టినా సీపీయూని (పీసీలో ప్రధాన చిప్‌ని) గదిలో ఉన్న వేడి కంటే కిందికి దించలేదు, అది చేసేదల్లా గదికీ చిప్‌కీ మధ్య తేడాని తగ్గించడమే. అంటే వాళ్ళకి 55 చూపించే సెటప్ యథాతథంగా మనింట్లో పెడితే 68 చూపిస్తుంది, అంతకు తగ్గట్టు ఫ్యాన్ అరుస్తుంది.

అందుకని ఇక్కడ వరస ముఖ్యం. ముందు లోపల పుట్టే వేడిని తగ్గించాలి, తర్వాత పుట్టిన వేడి బయటికి పోయే దారి చూడాలి, ఫ్యాన్ల జోలికి ఆఖర్న వెళ్ళాలి. చాలామంది ఇది తిరగేసి చేస్తారు, ముందే ఎలక్ట్రానిక్స్ షాపులుండే రిచ్చీ స్ట్రీట్‌కి వెళ్ళి మూడు ఫ్యాన్లు కొనుక్కొచ్చి బిగించేస్తారు, ఆ తర్వాత చప్పుడు ఇంకాస్త పెరిగిందేంటి అని బుర్ర గోక్కుంటారు. ఈ వరసలో వెళ్తే మొదటి సగం పనికి రూపాయి కూడా ఖర్చు ఉండదు.

ముందు ఆ చప్పుడు ఎవరిదో పట్టుకోండి

అంతా పీసీ ఫ్యాన్ అనుకోకండి. సీలింగ్ ఫ్యాన్, ఏసీ, ఫ్రిజ్ అన్నీ ఆపేసి, రాత్రి రోడ్డు సద్దుమణిగాక కూర్చుని వినండి. పీసీ షట్‌డౌన్ చేసినా సన్నగా ఝుమ్మని వస్తోందంటే అది పక్కనున్న యూపీఎస్‌దో, స్పీకర్లలో వచ్చే హమ్మో అయ్యుండొచ్చు. స్పీకర్ హమ్ అయితే ఆంప్ (స్పీకర్లని నడిపే ఆంప్లిఫైయర్) వాల్యూమ్ సున్నా చేసి చూడండి, హెచ్‌డీఎంఐ పీకి చూడండి, కేబుల్ పీకగానే పోయిందంటే అది గ్రౌండ్ లూప్, అంటే వైర్ల ఎర్త్ దారుల్లోంచి వచ్చే హమ్, దానికి ఎన్ని ఫ్యాన్లు మార్చినా లాభం లేదు.

పీసీదే అని తేలితే సైడ్ ప్యానెల్ తీసి, ఒక చార్ట్ పేపర్‌ని గొట్టంలా చుట్టి ఒక చివర చెవి దగ్గర పెట్టుకుని రెండో చివరతో ఒక్కో పార్టు దగ్గరికీ వెళ్ళండి, ఏది ఎంత అరుస్తోందో తెలిసిపోతుంది. ఫ్యాన్లని ఒక్కొక్కటే మధ్యలో ఉండే గుండ్రటి భాగం మీద వేలితో మెల్లగా నొక్కి రెండు మూడు సెకన్లు ఆపి వినొచ్చు, రెక్కల అంచు మాత్రం ముట్టుకోకండి. పవర్ సప్లై ఫ్యాన్ జోలికి అస్సలు పోవద్దు, ఆ డబ్బా విప్పకండి కూడా, ప్లగ్ పీకేసిన తర్వాత కూడా లోపలి కెపాసిటర్లలో 300 వోల్టులకి పైగా నిలవ ఉండొచ్చు.

చప్పుడు రకాన్ని బట్టి కూడా చెప్పొచ్చు. హోరుమంటే గాలి చప్పుడు, వేగం తగ్గిస్తే పోతుంది. గరగర అంటే బేరింగ్ పోయింది, ఫ్యాన్ మార్చాల్సిందే. సన్నగా కీచుమని లోడ్‌తో పాటు మారుతుంటే కాయిల్ వైన్, అంటే లోపలి కరెంట్ కాయిళ్ళు వణకడం, అది గ్రాఫిక్స్ కార్డ్‌దో పవర్ సప్లైదో. టేబుల్ మీద చెయ్యి పెడితే వణుకు తెలుస్తోందంటే హార్డ్ డిస్క్: 7200 ఆర్పీఎం (నిమిషానికి అన్ని చుట్లు) డిస్క్ సెకనుకి 120 సార్లు తిరుగుతుంది కాబట్టి ఆ 120 హెర్ట్జ్ మోత నేరుగా ప్లైవుడ్‌కి ఎక్కి, మొత్తం టీవీ యూనిటే స్పీకర్ డబ్బాలా పాడుతుంది.

వేడి ఎక్కడ ఇరుక్కుంటోందో చూడండి

దీనికి కావాల్సింది ఒక చిన్న డిజిటల్ థర్మామీటర్, గది టెంపరేచర్, తేమ చూపించేది, తక్కువ ధరలోనే దొరుకుతుంది. ఇంకా పీసీలో లోపలి టెంపరేచర్లు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో ప్రోగ్రామ్ వేసుకోండి, లినక్స్ అయితే ఎల్ఎం సెన్సర్స్.

మామూలుగా ఎలా వాడతారో అలాగే, తలుపు మూసి, ఒక సినిమా గంటసేపు పెట్టండి. గంట తర్వాత సీపీయూ ఎంత, గది మధ్యలో ఎంత, పీసీ గాలి పీల్చుకునే చోట ఎంత, ఈ మూడూ రాసుకోండి. తర్వాత టీవీ యూనిట్ తలుపు తీసిపెట్టి అరగంట, ఆ తర్వాత పీసీ సైడ్ ప్యానెల్ కూడా తీసేసి ఇంకో అరగంట. సినిమా అదే ఉండాలి, సాధ్యమైనంతవరకు అదే టైమ్ కూడా. సీపీయూ అంకె ఒక్కదాన్నే చూడకండి, అందులోంచి గది టెంపరేచర్ తీసేసి మిగిలింది చూడండి, ఎందుకంటే మధ్యాహ్నం 36కీ రాత్రి 31కీ మధ్య ఐదు డిగ్రీలు ఊరికే మారిపోతాయి, మీరేదో సాధించారనుకుంటారు.

ఇప్పుడు లెక్క తేలిక. యూనిట్ తలుపు తీయగానే ఏడెనిమిది డిగ్రీలు పడిపోయిందంటే పీసీలో ఏ తప్పూ లేదు, తప్పంతా ప్లైవుడ్‌ది. సైడ్ ప్యానెల్ తీశాక పడిందంటే క్యాబినెట్‌లో, అంటే పీసీ డబ్బాలో, గాలి ఆడట్లేదు. రెండిటికీ ఏమీ మారలేదంటే కూలర్ చాల్లేదు, లేదా చిప్‌కీ కూలర్‌కీ మధ్య రాసే పేస్ట్ ఎండిపోయింది, లేదా అసలు సినిమా ఆడించడానికి సీపీయూ అక్కర్లేనంత కష్టపడుతోంది. ఈ ఆఖరిదే ఎక్కువమంది ఇళ్ళల్లో కనిపించేది.

వేడి పుట్టడం తగ్గించండి

4కే సినిమా ఆడుతున్నప్పుడు టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్‌లో జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) మీద నొక్కండి. అక్కడ వీడియో డీకోడ్ అనే గ్రాఫ్ కదులుతూ ఉండాలి, ఏఎండీ అయితే కొన్నిట్లో వీడియో కోడెక్ అని ఉంటుంది. అది సున్నా దగ్గర పడుకుని ఉండి సీపీయూ మాత్రం 50, 60 శాతం చూపిస్తోందంటే వీడియోని విప్పే పని మొత్తం సీపీయూ నెత్తిన పడిందన్నమాట. చిప్‌లో ఆ పనికోసమే ఒక చిన్న విడి భాగం ఉంటుంది, దానికి అప్పజెప్తే సీపీయూ మొత్తం కలిపి పది ఇరవై వాట్లలో అయిపోయే పనికి అనవసరంగా అరవై వాట్లు తగలేస్తున్నట్టు. వీఎల్‌సీలో అయినా కోడీలో అయినా సెట్టింగ్స్‌లో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ అని ఉంటుంది, ఆన్ చెయ్యండి, బ్రౌజర్‌లో కూడా అంతే. గ్రాఫిక్స్ డ్రైవర్ అప్‌డేట్ చెయ్యండి. సగం మందికి కథ ఇక్కడితో అయిపోతుంది, నిజంగా.

మీ చిప్‌కి ఏ వీడియో ఫార్మాట్ (కోడెక్) విప్పడం వచ్చో కూడా తెలిసుండాలి, హెచ్‌ఈవీసీ, వీపీ9, ఏవీ1 అలాంటివే. ఇంటెల్ ఏడో తరం నుంచి పది బిట్ హెచ్‌ఈవీసీ, వీపీ9 రెండూ హార్డ్‌వేర్‌లోనే విప్పుతుంది, ఏవీ1 మాత్రం పదకొండో తరం నుంచి. ఐ3 12100 లాంటిది సినిమాలకి చాలా ఎక్కువ, అయితే చివర్న ఎఫ్ అక్షరం ఉన్న మోడల్ తీసుకోకండి, అందులో గ్రాఫిక్స్ ఉండదు. రైజెన్ 5 5600జీ మంచి చిప్పే కానీ దాని గ్రాఫిక్స్‌కి ఏవీ1 రాదు. యూట్యూబ్ వీడియో మీద రైట్ క్లిక్ కొట్టి స్టాట్స్ ఫర్ నెర్డ్స్ చూస్తే కోడెక్స్ అనే లైన్లో ఏవీ01 అని ఉందో వీపీ09 అని ఉందో కనిపిస్తుంది. ఏవీ01 వస్తూ ఫ్యాన్ లేస్తుంటే యూట్యూబ్ ప్లేబ్యాక్ సెట్టింగ్స్‌లో ఏవీ1ని తక్కువ రెజల్యూషన్‌కి మాత్రమే వాడమని పెట్టుకోండి. ఇంకా ఏ పీసీ కొనాలా అని ఆలోచిస్తున్నవాళ్ళు, గేమ్స్ ఆడం సినిమాలే అనుకుంటే, ఇంటెల్ ఎన్100 పెట్టిన చిన్న డబ్బా చూడండి, దాని టీడీపీ (చిప్ వదిలే వేడికి కంపెనీ చెప్పే లెక్క) 6 వాట్లు, ఏవీ1 కూడా విప్పుతుంది. దానికి ఈ గైడ్‌లో సగం అవసరమే ఉండదు.

తర్వాత పవర్ లిమిట్. సినిమా మొదలుపెట్టగానే, లైబ్రరీ స్కాన్ అవ్వగానే సీపీయూ టర్బోలోకి, అంటే మామూలు కంటే ఎక్కువ వేగంలోకి, ఎగిరి కొన్ని సెకన్లు బాగా వేడెక్కుతుంది, దాన్ని చూసి ఫ్యాన్ గుయ్యిమంటుంది, మళ్ళీ తగ్గుతుంది. ఐ3 12100 బేస్ పవర్ 60 వాట్లు, టర్బోలో 89 దాకా వెళ్తుంది, ఐ5 12400 అయితే 65 నుంచి ఏకంగా 117. విండోస్‌లో పవర్ ఆప్షన్స్‌లోకి, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి ప్రాసెసర్ పవర్ మేనేజ్‌మెంట్‌లో మ్యాక్సిమమ్ ప్రాసెసర్ స్టేట్‌ని 100 నుంచి 99కి దించండి, ఇంటెల్‌లో దాంతో టర్బో ఆగిపోతుంది. ఒక్క శాతానికి ఏం మారుతుందిలే అనిపిస్తుంది గానీ మారుతుంది. 12100కి టర్బో లేకపోయినా 3.3 గిగాహెర్ట్జ్ ఉంటుంది, సినిమాకి అది ఎంత కావాలో అంతకు మించే. ఏఎండీ వాళ్ళు బయోస్‌లో (పీసీ ఆన్ అవ్వగానే తెరుచుకునే మదర్‌బోర్డ్ సెట్టింగ్స్‌లో) ఈకో మోడ్ లేదా సీటీడీపీ అనే పవర్ తగ్గించే సెట్టింగ్ కోసం వెతకండి, 5600జీని 65 నుంచి 45కి దించుకోవచ్చు, మామూలు వాడకంలో తేడా కనిపెట్టడం కూడా కష్టం.

గ్రాఫిక్స్ కార్డ్ ఉండి, గేమ్స్ ఆడకపోతే, తీసి అమ్మేయండి. ఖాళీగా కూర్చున్నా అది కొంత వేడి వదులుతూనే ఉంటుంది, పైగా దాని వెడల్పుకి క్యాబినెట్‌లో గాలి దారి మూసుకుపోతుంది.

టీవీ యూనిట్ సంగతి

ఇక్కడ ఇంటీరియర్ వాళ్ళు చేసే టీవీ యూనిట్లన్నీ ఒకే పద్ధతి, చూడ్డానికి అందంగా మైకా అతికించిన తలుపు, వెనకాల ప్లైవుడ్ షీట్, వైర్లకి మాత్రం రూపాయి బిళ్ళంత బెజ్జం. అందులో పీసీ, సెట్ టాప్ బాక్స్, రూటర్, పైన ఏవీ రిసీవర్ (ఆంప్). పీసీ వదిలిన వేడి గాలి బయటికి పోలేక తిరిగి పీసీ ముక్కులోకే వెళ్తుంది, పది నిమిషాలకోసారి ఇంకాస్త వేడెక్కి. గదిలో 33 ఉంటే పీసీ పీల్చే చోట 42, 43 కనిపించడం మామూలే. మీరు రాసుకున్న మూడో అంకె ఇదే.

ఎంత గాలి కావాలో తెలిస్తే భయం పోతుంది. 100 వాట్ల వేడిని, వెళ్ళే గాలి వచ్చే గాలి కంటే 10 డిగ్రీలు మాత్రమే ఎక్కువ ఉండేలా తీసెయ్యడానికి నిమిషానికి దాదాపు 18 క్యూబిక్ అడుగుల గాలి చాలు. తేడా 5 డిగ్రీలే ఉండాలంటే 35. 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఒకటి, అసలు వినపడని వేగంలో, 700 లేదా 800 ఆర్పీఎంలో తిరిగినా ఎదురు అడ్డం లేకపోతే మొదటి లెక్కకి సరిపోతుంది. అంటే మనకి తక్కువైంది గాలి బలం కాదు, బెజ్జం.

సొంత ఇల్లయితే కార్పెంటర్ని పిలిచి వెనక ప్యానెల్లో రెండు బెజ్జాలు కొట్టించండి: ఒకటి కింద, పీసీ పీల్చుకునే వైపు, రెండోది పైన ఎదురు మూలకి. ఒక్కోటి కనీసం 12 సెంటీమీటర్ల వెడల్పు ఉండాలి. రెండూ పక్కపక్కనే పెట్టిస్తే వెళ్ళిన గాలే తిరిగొస్తుంది, కాబట్టి ఎదురెదురు మూలలు అని గట్టిగా చెప్పండి, అక్కడ నిలబడి కొట్టించండి, లేకపోతే ఆయనకి ఎక్కడ వీలైతే అక్కడ కొట్టేసి పోతాడు. గోడకీ యూనిట్‌కీ మధ్య నాలుగు వేళ్ళ సందు లేకపోతే బెజ్జం కొట్టినా ఒకటే కొట్టకపోయినా ఒకటే. బెజ్జాలకి సన్నటి దోమ జాలీ కొట్టకండి, గాలి ఆగిపోతుంది, కొంచెం పెద్ద కన్నుల స్టీల్ జాలీ పెట్టండి, బొద్దింకలూ బల్లులూ వెచ్చగా ఉందని లోపల కాపురం పెట్టకుండా అది చాలు.

అద్దె ఇల్లయితే బెజ్జాలంటే ఓనర్ అడ్వాన్స్‌లో కోసేస్తాడు. దానికి దారి ఉంది: ఆటో హింజ్ స్క్రూలు రెండు వదులు చేస్తే తలుపు మొత్తం ఊడొస్తుంది, దాన్ని మంచం కింద దాచిపెట్టి ఖాళీ చేసేటప్పుడు మళ్ళీ బిగించెయ్యండి. తలుపు లేకపోతే బాగోలేదు అని ఇంట్లో గొడవైతే, వెనక ప్యానెల్ చిన్న మేకులతో కొట్టి ఉంటుంది కదా, అది ఊడదీయండి, ముందు నుంచి ఎవరికీ కనపడదు.

ఇంకా చాలకపోతే పై బెజ్జం దగ్గర ఒక ఎగ్జాస్ట్ ఫ్యాన్. 5 వోల్టుల మోడళ్ళు యూఎస్‌బీ వైరుతో నడుస్తాయి, నోక్టువా కంపెనీ కూడా 120 మిల్లీమీటర్లలో చేస్తుంది. దాన్ని టీవీ యూఎస్‌బీ పోర్ట్‌కి గుచ్చండి, చాలా టీవీల్లో ఆ పోర్ట్‌కి టీవీ ఆన్‌లో ఉన్నప్పుడే కరెంట్ వస్తుంది కాబట్టి ఆన్ ఆఫ్ గురించి మీరు పట్టించుకోనక్కర్లేదు. గాలిని లోపలికి ఊదేలా కాదు, బయటికి లాగేలా బిగించండి, ఫ్యాన్ పక్క మీద చిన్న బాణం గుర్తు ఉంటుంది చాలావాటికి.

ఆంప్ పైన పీసీ పెట్టకండి. ఎప్పుడూ పీసీ కింద, ఆంప్ పైన, ఆంప్ నెత్తి మీద ఏమీ వద్దు, డీవీడీ కేసులూ పువ్వుల కుండీ కూడా.

ఇప్పుడు ఫ్యాన్లు, ముందు ఉన్నవాటితోనే

కొత్తవి కొనే ముందు బయోస్‌లో ఫ్యాన్ కర్వ్, అంటే ఎంత వేడికి ఫ్యాన్ ఎంత వేగంగా తిరగాలో చెప్పే గీత, మార్చండి. ఆసుస్ బోర్డ్‌లో క్యూ ఫ్యాన్ అని, గిగాబైట్‌లో స్మార్ట్ ఫ్యాన్ అని ఉంటుంది. కంపెనీ నుంచి వచ్చిన కర్వ్ చాలావరకు 40 డిగ్రీల దగ్గరే వేగం పెంచడం మొదలుపెడుతుంది, మన దగ్గర పీసీ ఏ పనీ చెయ్యకుండా కూర్చున్నా 45, 50 ఉంటుంది, ఇంకెక్కడి నిశ్శబ్దం. సీపీయూ ఫ్యాన్‌ని 62, 63 డిగ్రీల దాకా 30 శాతం దగ్గర అడ్డంగా పడుకోబెట్టండి, 75కి 55 శాతం, 88కి వంద. భయపడకండి, 12100 హద్దు 100 డిగ్రీలు, 5600జీకి 95, సినిమా చూస్తుంటే 65 ఉండటం చిప్‌కి ఏమాత్రం ప్రమాదం కాదు. అంకెల్ని అందంగా తగ్గించుకోవాలనే మోజుతోనే చాలా పీసీలు అరుస్తున్నాయి.

కర్వ్ పక్కనే స్టెప్ అప్ టైమ్ అనో స్మూతింగ్ అనో ఇంకో సెట్టింగ్ ఉంటుంది, దాన్ని ఉన్నంతలో ఎక్కువకి పెట్టండి. సీపీయూ టెంపరేచర్ ఒక్క సెకనులో పది డిగ్రీలు ఎగిరి దిగుతుంది, ఫ్యాన్ దాని వెంట పరిగెత్తాల్సిన పని లేదు. ఒకేలా వచ్చే చప్పుడుని చెవి కాసేపటికి మర్చిపోతుంది, లేచి పడే చప్పుడుని మాత్రం మర్చిపోదు. బయోస్‌లో వీలు కాకపోతే విండోస్‌లో ఫ్యాన్ కంట్రోల్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది, అందులో ఇవన్నీ ఇంకా వివరంగా చెయ్యొచ్చు. క్యాబినెట్ ఫ్యాన్లని సీపీయూ టెంపరేచర్‌కి కట్టకండి, మదర్‌బోర్డ్ టెంపరేచర్‌కి కట్టండి, లేదా 600, 700 ఆర్పీఎం దగ్గర స్థిరంగా వదిలెయ్యండి.

ఫ్యాన్‌కి 4 పిన్‌లుంటే పీడబ్ల్యూఎం (సిగ్నల్‌తో వేగం మార్చే) మోడ్, 3 పిన్‌లే ఉంటే డీసీ (వోల్టేజ్‌తో మార్చే) మోడ్ పెట్టాలి, ఇది తప్పుంటే 3 పిన్ ఫ్యాన్ ఎప్పుడూ ఫుల్ స్పీడ్‌లోనే తిరుగుతుంది, మీరు కర్వ్ ఎంత గీసినా. ఇంకో చిన్న సంగతి, ఫ్యాన్‌ని వంద వంద ఆర్పీఎం చొప్పున పెంచుతూ వింటే ఎక్కడో ఒకచోట క్యాబినెట్ రేకు దానితో కలిసి మోగుతుంది, ఆ వేగం దగ్గర ఫ్యాన్ నిలబడకుండా కర్వ్‌ని దాటించేయండి.

మార్చాల్సి వస్తే లెక్క ఇది. ఫ్యాన్ వేగం సగం చేస్తే చప్పుడు సుమారు 15 డెసిబెల్స్ తగ్గుతుంది. అదే వేగంలో ఇంకో ఫ్యాన్ కలిపితే పెరిగేది 3 మాత్రమే. కాబట్టి ఒకటి వేగంగా తిప్పే బదులు రెండిటిని సగం వేగంలో తిప్పితే, ఎదురు ఒత్తిడి లేనంతవరకు, గాలి దాదాపు అంతే, చప్పుడు 12 డెసిబెల్స్ తక్కువ. 10 డెసిబెల్స్ తగ్గితే చెవికి సగం అయినట్టు అనిపిస్తుంది. అందుకే చిన్నవి కాకుండా 120 లేదా 140 పట్టే క్యాబినెట్ కావాలి. సన్నగా డీవీడీ ప్లేయర్‌లా ఉండే క్యాబినెట్లు అందంగానే ఉంటాయి, కానీ అందులో పట్టే కూలర్ ఎత్తు తక్కువ, నోక్టువా ఎల్9ఐ అయితే ఫ్యాన్‌తో కలిపి 37 మిల్లీమీటర్లు, దాని ఫ్యాన్ చిన్నది. కూలర్ మాస్టర్ ఎన్ఆర్200 లాంటి బొద్దు డబ్బాలో 155 మిల్లీమీటర్ల ఎత్తు కూలర్ పడుతుంది. చెన్నైకి నేనైతే బొద్దుదే అంటాను.

రిచ్చీ స్ట్రీట్‌కి శనివారంలోపే వెళ్ళండి, ఆదివారం చాలా షాపులు మూసే ఉంటాయి. వెలుగులు చిమ్మే ఆర్‌జీబీ ఫ్యాన్లు ముందు పెట్టి చూపిస్తారు, అవి కాదు, పీడబ్ల్యూఎం ఉందా, కనీస ఆర్పీఎం ఎంత, బేరింగ్ ఏంటి అని అడగండి. ఆర్కిటిక్ పీ12 లాంటివి ధరకి తగ్గట్టు బాగుంటాయి. బిగించేటప్పుడు స్క్రూల బదులు రబ్బరు పిన్నులు వాడండి. ఫ్యాన్‌ని ఆనుకునే రేకు జాలీ ఉంటే గాలి దాన్ని కొట్టుకుని ఈల వేస్తుంది, క్యాబినెట్ పాతదైతే ఆ జాలీని రేకు కత్తెరతో కోసేసి తీగ జాలీ పెట్టండి, ఈ ఒక్క పనికే తేడా వినపడుతుంది. కోసేముందు బోర్డ్ బయటికి తీసెయ్యడం మర్చిపోకండి, రేకు పొడి బోర్డ్ మీద పడితే షార్ట్.

గ్రాఫిక్స్ కార్డ్ ఉంచుకున్నవాళ్ళు వేడి తక్కువుంటే ఫ్యాన్ని ఆపేసే జీరో ఆర్పీఎం మోడ్‌ని ఒకసారి చూసుకోండి. చల్లటి గదిలో అది వరం, మన దగ్గర మాత్రం ఫ్యాన్ ఆగుతుంది, వేడెక్కుతుంది, తిరుగుతుంది, మళ్ళీ ఆగుతుంది, సినిమా అంతా ఇదే తంతు. ఆఫ్టర్‌బర్నర్ అనే ప్రోగ్రామ్‌లో ఆ మోడ్ తీసేసి, ఫ్యాన్ ఆగకుండా తిరిగే అతి తక్కువ వేగంలో పెట్టేయండి.

కూలర్, పేస్ట్, డిస్క్

పేస్ట్ మార్చేటప్పుడు ఏఎండీ ఏఎం4 సాకెట్ (5600జీ కూర్చునేది) వాళ్ళు జాగ్రత్త, ముందు పీసీని పది నిమిషాలు వాడి వెచ్చబడ్డాక ఆఫ్ చేసి, కూలర్‌ని అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ తీయండి, నేరుగా పైకి లాగితే సీపీయూ కూడా పిన్నులతో సహా ఊడొచ్చేస్తుంది. పాత పేస్ట్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి శనగ గింజంత కొత్తది చాలు. కంపెనీ బాక్స్‌లో వచ్చే కూలర్ 45 వాట్లకి దించిన చిప్‌కి సరిపోతుంది, అంతకంటే ఎక్కువైతే మంచి కూలర్ కొనుక్కోండి, అక్కడ పిసినారితనం వద్దు.

సినిమాలు పెట్టుకునే హార్డ్ డిస్క్‌ని వీలైతే హాల్లోంచే తీసెయ్యండి, రూటర్ ఉన్న గదిలో పాత లాప్‌టాప్‌కో నాస్‌కో (నెట్‌వర్క్‌లో ఫైళ్ళు పంచే డిస్క్ పెట్టెకో) తగిలించి వైర్ మీద చూడండి. పీసీలో ఎస్ఎస్‌డీ ఒక్కటే ఉంటే సగం మోత పోయినట్టే. డిస్క్ అక్కడే ఉండాలంటే రబ్బరు వాషర్ల మీద కూర్చోబెట్టండి, 50 డిగ్రీలు దాటకుండా చూడండి. పీసీ కింద వాషింగ్ మెషిన్ కాళ్ళకి వేసే రబ్బరు ప్యాడ్లు వెయ్యండి, ఏ హార్డ్‌వేర్ షాపులో అయినా దొరుకుతాయి. సౌండ్‌ప్రూఫ్ ఫోమ్ అతికిద్దాం అనుకునేవాళ్ళకి ఒక మాట, అది వేడిని కూడా పట్టుకుని కూర్చుంటుంది, ఇక్కడి ఎండలకి లాభం కంటే నష్టమే. గుడ్ల ట్రేలు అసలే వద్దు, నిప్పంటుకుంటాయి.

దుమ్ము

మెట్రో పనులు జరిగే వైపు ఉండేవాళ్ళకి నెల తిరిగేసరికి ఫిల్టర్ మీద కంబళి పేరుకుంటుంది, తిరువాన్మియూర్, బీసెంట్ నగర్ వైపు దానికి ఉప్పు గాలి కూడా తోడు, స్క్రూలు తుప్పు పడతాయి. క్యాబినెట్‌లో లోపలికి లాగే ఫ్యాన్లు బయటికి తోసేవాటి కంటే కొంచెం బలంగా తిరిగేలా ఉంచండి, అప్పుడు సందుల్లోంచి కాకుండా ఫిల్టర్ ఉన్న చోటు నుంచే గాలి వస్తుంది. ఫిల్టర్‌ని నెలకోసారి కుళాయి కింద కడిగి పూర్తిగా ఆరాక పెట్టండి. బ్లోయర్‌తో ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో పట్టుకుని ఊదండి, వదిలేస్తే పిచ్చి వేగంతో తిరిగి బేరింగ్ పోతుంది.

ఏప్రిల్ నెలాఖర్లో, కత్తిరి (ఇక్కడి అగ్ని నక్షత్రం ఎండలు) మొదలయ్యే లోపు, పైన చెప్పిన గంట సినిమా టెస్ట్ మళ్ళీ పెట్టి, మొదటిసారి రాసుకున్న అంకెల పక్కన ఇవి రాయండి. గది టెంపరేచర్ తీసేశాక మిగిలిన తేడా ఐదు డిగ్రీలకి మించి పెరిగిందంటే ముందు ఫిల్టర్, తర్వాత కూలర్ రెక్కల మధ్య దుమ్ము, ఆ తర్వాతే పేస్ట్.